అంకయ్య దాచుకున్న గొంతు

కొండవాలున సీతాఫలం పొదల వెనక ఒక బొరియ ఉండేది. ఎంత వాన పడ్డా చుక్క దిగదు, ఎంత ఎండ కాసినా వేడెక్కదు. దాన్ని తవ్విన మొనగాడు అలుగు అంకయ్య. ఒంటినిండా పెంకులు, నోట్లో ఒక్క పన్ను లేదు, అడవిలో ఎవరితోనూ మాటల్లేవు. ఆ బొరియలో అతనికో కంప్యూటర్ కూడా ఉంది. అడవిలో కరెంటెక్కడిదని మీరు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. నక్క మాట్లాడితే తలూపి వినేవాళ్ళకి, అలుగు ఇంట్లో కంప్యూటర్ ఉంటే వచ్చిన కష్టమేంటి? ఉందంటే ఉంది. వినండి.

దాన్ని పోరు పెట్టి తెప్పించింది అంకయ్య పెళ్ళాం చెంచమ్మ. ఆమె నోరు ఊరుకునేది కాదు. మైకు పెట్టుకుని పుట్టింటివాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడేది. మాటలయ్యాక దాన్ని ఆపడం మర్చిపోయేది. దాంతో ఆమె తిట్లు, ఆమె నవ్వు, చీమల గుడ్లు వేయించేటప్పటి చిటపటలు, అన్నీ అందులో రికార్డయిపోయాయి. "ఏమయ్యో, ఆ మట్టికాళ్ళతోనే లోపలికొచ్చావా? నీకే చెప్తున్నా, వినపడిందా?" అని ఒకటి. "ఇదిగో, ఆరిపోతాంది, తిందువు రా" అని ఇంకోటి.

పోయిన ఎండాకాలం అడవి అంటుకున్నప్పుడు పొగ మింగి చెంచమ్మ పోయింది. అంకయ్యకి మిగిలింది ఆ కంప్యూటరూ, అందులోని గొంతూ. పొద్దుగూకగానే పళ్ళెం ముందు పెట్టుకుని ఒక రికార్డింగు నొక్కేవాడు. ఆమె తిడుతూ ఉంటే తింటూ ఉండేవాడు. తిట్లు అయిపోయాక బొరియలో తన ఊపిరి తనకే వినపడేది. అది భరించలేక ఇంకోటి నొక్కేవాడు. అలా రోజులు వెళ్ళదీస్తున్నాడు పాపం.

పరామర్శకి వచ్చినవాళ్ళనైనా లోపలికి రమ్మన్నాడా అంటే, లేదు. అలుగు జాతి పద్ధతే అంత. ఎదుట ఏదన్నా కదిలితే చాలు, తల పొట్టలో దాచుకుని ఉండ అయిపోతారు. పులి వచ్చినా ఉండే, చుట్టం వచ్చినా ఉండే. వచ్చినవాళ్ళు ఆ ఉండ ముందు కాసేపు నిలబడ్డారు. తల ఎటుందో తెలియక, ఎటు చూసి ఓదార్చాలో అర్థంకాక వెళ్ళిపోయారు. తర్వాత ఎవరూ రాలేదు.

ఎవరూ రాకపోయినా అతన్ని వదలనిది ఒక్క ముంగిస కొండమ్మ. ఇంటింటికీ తిరిగి కంప్యూటర్లకి కాపలా ప్రోగ్రాములు పెట్టడం ఆమె పని. పాముల్ని పట్టే వంశం కదా, వైరస్ అంటే చాలు ఆమెకి పళ్ళు పటపటమంటాయి. ఒకరోజు వచ్చి అంకయ్య తలుపు బాదింది.

"అంకయ్య మామా, తలుపు తియ్యి. నీ యాంటీవైరస్ పాతబడిపోయింది, కొత్తది పెట్టాల."

"అక్కణ్ణించే చెప్పు. నా ఇంట్లోకి ఎవరూ రారు. వైరస్ మాత్రం ఎట్టా వస్తది?"

"అది తలుపులోంచి రాదు మామా, తీగలోంచి వస్తది. మెయిల్లో వస్తది. నువ్వు నొక్కితే వస్తది."

"నేను నొక్కను."

"అందరూ ఇట్టాగే అంటారు. తర్వాత లబోదిబోమంటా నా దగ్గరికే వస్తారు. ఇదిగో, ఈ పెన్‌డ్రైవ్ సందులోంచి తోస్తన్నా. దీంట్లో కొత్త కాపలా ఉంది, ఎక్కించుకో. అది వద్దన్నదాన్ని మాత్రం తెరవబాక. ఇంకో సంగతి. ప్రాణమైనవి ఏమన్నా ఉంటే ఒక కాపీ తీసి బయట ఉంచు. నా దగ్గరుంచినా సరే, నీకు నమ్మకమున్న ఇంకెవరి దగ్గరైనా సరే."

లోపల్నించి అంకయ్య గొంతు గరుగ్గా వచ్చింది. "చెంచమ్మ మాటలు వేరేవాళ్ళ ఇంట్లో ఎందుకుండాల?"

"కాపీ మామా. నీవి నీ దగ్గరే ఉంటయ్."

"ఆమె నాతో అన్న మాటలవి. పరాయోళ్ళ పెట్టెల్లో పడి ఉండటానికి కాదు."

"పోనీ నువ్వే ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఆ గూట్లో పెట్టుకోరాదా?"

"చూద్దాంలే."

చూద్దాంలే అన్నవాళ్ళు చూసింది ఎక్కడండీ? కాపలా ప్రోగ్రామ్ అయితే ఎక్కించుకున్నాడు గానీ, కాపీ సంగతి ఆ పూటే మర్చిపోయాడు.

ఇంతలో వానలు దగ్గరపడ్డాయి. నక్క జాలయ్యకి సొంత ఇల్లంటూ లేదు. తవ్వుకోరా అంటే గోళ్ళు అరుగుతాయంటాడు. ఎవరో తవ్వుకున్న బొరియ చూసి, వాళ్ళకి తియ్యతియ్యగా నాలుగు మాటలు చెప్పి సాగనంపి, అందులో కాళ్ళు బార్లా చాపుకోవడం వాడి పద్ధతి. ఒకనాడు పొద్దుగూకేవేళ వచ్చి అంకయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపల్నించి చెంచమ్మ తిట్లు వినపడుతుంటే చెవులు రిక్కించి విన్నాడు.

"బావగారూ, ఒక్క ప్రాణికి ఇంత ఇల్లెందుకు చెప్పండి? ఈ గోడలు చూస్తా కూర్చుంటే దిగులు కాక ఏముంది? ఏరు దాటి అవతలికి పోయి నాలుగు రోజులు ఉండి రండి. ఇల్లు నేను కనిపెట్టుకుని ఉంటా."

అంకయ్య గుమ్మానికి అడ్డంగా ఉండ అయిపోయాడు. జాలయ్య అటూ ఇటూ తోశాడు, కదల్లేదు. కొరికి చూశాడు, పన్ను కదిలింది. "సరేలే, నీ మంచికే చెప్పా" అని మూతి తడుముకుంటూ పోయాడు.

నాలుగైదు రోజులు గడిచాయో లేదో అంకయ్యకి ఒక మెయిలు వచ్చింది.

"బావా, నేను చెంచక్క పిన్నికొడుకుని, ఏటవతల సుబ్బులుని. నువ్వు నన్ను ఎరగవు. పోయే ముందు అక్క నాతో మాట్లాడింది. అన్నీ నీ గురించే. ఆ మాటలు దాచిపెట్టా. కింద ఉన్నయ్, నొక్కి విను. అన్నం తిన్నావా బావా?"

అంకయ్య ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాడు. తిన్నావా అని తనని అడిగినవాళ్ళు లేక ఎంతకాలమయిందో! చెంచమ్మకి పిన్నికొడుకులు ఎందరో, వాళ్ళ పేర్లేంటో అతనికి తెలియదు. అత్తారింటికి ఒక్కసారి వెళ్ళిన పాపాన పోతేగా! ఎవర్నన్నా అడిగి కనుక్కుందామంటే మాట్లాడే మనిషంటూ ఉంటేగా! కింద ఉన్నదాన్ని నొక్కాడు.

టక్కున తెర మీద ముంగిస బొమ్మ ఒకటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచింది. "ఇది గొంతు కాదు. ఇదొక ప్రోగ్రామ్. తెరవొద్దు" అంది.

"నీకేం తెలుసు? మా బామ్మర్ది పంపాడు" అన్నాడు అంకయ్య. మళ్ళీ నొక్కాడు.

"తెరవొద్దు. ప్రమాదం."

"మా ఇంటి సంగతి నీకెందుకే?" అని విసుక్కుని, ఆ కాపలాని ఆపేసే మీట ఎక్కడుందో వెతికి మరీ దాన్ని నిద్రపుచ్చాడు. ఇల్లు కాయమని తెచ్చిపెట్టుకున్నదాని నోరు తనే మూశాడు. మూడోసారి నొక్కాడు.

చెంచమ్మ మాట్లాడలేదు. తెర ఎర్రగా అయిపోయింది.

అంకయ్య అప్పుడన్నా లేచి ఆ తీగ పీకి, ఆ పెట్టె ఆపేసి ఉంటే ఎంత బాగుండేది! అలుగు జాతి కదా, తాతముత్తాతల నుంచీ వచ్చిన బుద్ధి ఊరికే పోతుందా? కుర్చీలోనే తల పొట్టలో పెట్టుకుని ఉండ అయిపోయాడు. వచ్చిన ఆపద చూసి చూసి పోతుందిలే అని లోపల చీకట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పులికైతే విసుగొస్తుంది, పోతుంది. కంప్యూటర్లో దూరినదానికి విసుగెందుకొస్తుంది? అతను ముడుచుకున్నంతసేపూ అది ఒక్కో ఫైలుకీ తాళం వేసుకుంటూ పోయింది. పెట్టె గిర్రుమని తిరగడం అంకయ్యకి వినపడుతూనే ఉంది.

చప్పుడు ఆగాక తల బయటికి తీశాడు. తెర మీద ఇలా రాసి ఉంది.

"నీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం. తాళంచెవి మా దగ్గరుంది. బొరియ ఖాళీ చేసి ఏరు దాటి పో. పోయాక చెవి పంపుతాం. పోకపోతే ఆ గొంతు ఇక ఈ జన్మలో వినవు."

ఇది ఎవరి పనో మీకు నేను చెప్పాలా? అంకయ్యకి మాత్రం అదేం తట్టలేదు. ఒక్కో రికార్డింగూ నొక్కి చూశాడు. మట్టికాళ్ళ తిట్టు తెరుచుకోలేదు. తిందువు రా అన్న పిలుపు తెరుచుకోలేదు. ఆ సాయంత్రం పళ్ళెం ముందు పెట్టుకున్నాడు గానీ ముద్ద దిగలేదు. పెళ్ళాం పోయిన రోజైనా ఏడ్చాడో లేదో నాకు తెలియదు, ఆ పూట మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు.

తెల్లవారగానే మూట కట్టుకుని బయల్దేరాడు. వాలు దిగుతుంటే కొండమ్మ ఇల్లు కనపడింది. కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఆగితే ఆగాడు, తలుపు ఎలా కొట్టాలో తెలియదు. ఒకరింటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందని! గుమ్మం ముందు మూటతో అలా నిలబడి ఉంటే కొండమ్మే బయటికొచ్చి చూసింది.

"మామా! నువ్వేంది, ఇక్కడ!"

"చెంచమ్మ పోయిందే కొండమ్మా."

"అదేంది మామా, పోయి ఏడాది కావస్తాంది గదా."

"మళ్ళీ పోయింది."

కొండమ్మ అతన్ని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, సంగతంతా లాగింది.

"నా కాపలా నొక్కొద్దని చెప్పలేదా?"

"చెప్పింది. నేనే దాని నోరు మూశా."

"ఎర్రగా అవగానే తీగ పీకావా?"

"లేదు. ముడుచుకున్నా."

"తీగ పీకుంటే సగమన్నా మిగిలేయి మామా!"

"ముడుచుకున్నానమ్మా" అన్నాడు అంకయ్య మళ్ళీ, తల వంచుకుని. ఇంకో నాలుగు చీవాట్లు పెట్టబోయిన కొండమ్మ ఆ తల చూసి ఊరుకుంది.

"కాపీ తీసుంటే గదా" అంది మెల్లగా. "సరే, ఇప్పుడు ఆ మూటేంది?"

"ఏరు దాటి పోతన్నా. పోతే చెవి పంపుతాడంట."

"పంపుతాడని ఎవరన్నారు?"

"వాడే రాశాడు."

"దొంగ రాసిన మాట పట్టుకుని ఇల్లు వదిలేస్తావా? నిజంగా చెవి ఉన్నోడైతే ఒక్క ఫైలు తెరిచి పంపమను. ఒక్కటి. అది విన్నాక పోవడం సంగతి చూద్దాం."

ఆ మెయిలుకి జవాబుగా అలాగే రాశారు. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది, దాంతోపాటు ఒక రికార్డింగు. కొండమ్మ ముందు దాన్ని తన కాపలాతో అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఉత్త గొంతే, నొక్కు అంది. ఆమె అంకయ్య ఇంట్లోకి వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి. అంకయ్య నొక్కాడు.

"అంకయ్యా! నేను చెంచమ్మని. ఇంక ఈ ఇంట్లో ఉండొద్దు. ఏరు దాటి వెళ్ళిపో అంకయ్యా. నీకు మంచి జరుగుద్ది."

అదే గొంతు. అదే చిన్న జీర, మాట చివర్న అదే సాగదీత. అంకయ్య కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి. మళ్ళీ వినడానికి చెయ్యి చాచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"ఇది ఆమె కాదు" అన్నాడు.

"గొంతు ఆమెదే గదా మామా. నాకూ గుర్తే."

"గొంతు ఆమెదే. కానీ మొగుడి పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గిపోద్దని ఆమెకి మా చెడ్డ పట్టింపు. కాపరం చేసినన్నాళ్ళూ నా పేరు ఆమె నోట రాలా. జనాభా లెక్కలకి ఎలుగుబంటి వచ్చి 'మీ ఆయన పేరేందమ్మా' అంటే, 'ఆ పెంకులాయన' అని నన్ను చూపించింది గానీ పేరు చెప్పలా. ఏమయ్యో అనేది, ఇదిగో అనేది, తిక్కలేస్తే ఈ మొద్దు అనేది. అంకయ్యా అని మాత్రం చచ్చినా అనదు." కళ్ళు తుడుచుకుని, "చచ్చాక కూడా అనదు" అన్నాడు.

"అయితే వాడి దగ్గర చెవి లేదు మామా. ఉంటే నీ ఫైలే తెరిచి పంపేవాడు. దొంగగొంతు దేనికి?"

అంకయ్య ముడుచుకుంటాడేమోనని కొండమ్మ భయపడింది. అతను ముడుచుకోలేదు.

"ఈ అడవిలో ఇంకొకరి గొంతు అచ్చుగుద్దినట్టు దింపేది ఎవరు?" అన్నాడు.

అడవి అడవికంతా తెలిసిన జవాబే అది. గోరింక రవణమ్మ. పిలిపించేసరికి ఎగురుకుంటూ వచ్చి, సంగతి విని నోరు నొక్కుకుంది.

"అయ్యో మామా! నక్క జాలయ్య బాబాయి అడిగాడు. అంకయ్య దిగులుతో తిండి మానేశాడు, చెంచమ్మ గొంతు ఒక్కసారి వింటే నాలుగు మెతుకులు తింటాడు, కాస్త పుణ్యం కట్టుకోవే అన్నాడు. నేరేడుపళ్ళు కూడా ఇచ్చాడు. ఆమె ఆయన పేరెత్తి పిలవదు బాబాయ్ అన్నా. నీకెందుకు, నేను చెప్పిందే పలుకు అన్నాడు."

"పళ్ళు తియ్యగా ఉన్నయ్యా?" అంది కొండమ్మ ఒళ్ళుమండి. రవణమ్మ తల దించుకుంది.

కొండమ్మ ఇంకా ఏదో అనబోతుంటే అంకయ్యే అడ్డుపడ్డాడు. "ఆమెని అనబాక. నేనూ అట్టాగే మోసపోయా. నేను చెప్పినట్టు రాయి" అన్నాడు. కొండమ్మ రాసింది: "గొంతు విన్నా. ఇల్లు ఖాళీ చేశా. ఏరు దాటుతున్నా. ఇంక చెవి పంపు."

ఆ మధ్యాహ్నం మబ్బులు కమ్ముతుండగా జాలయ్య చాప, చెంబు, దిండు అన్నీ నెత్తిన పెట్టుకుని దర్జాగా వాలు ఎక్కాడు. కొండమ్మ పిలుచుకొచ్చిన కుందేళ్ళు, నెమళ్ళు, ఇద్దరు ముగ్గురు ఏదుపందులు పొదల్లోంచి చూస్తున్నారని వాడికేం తెలుసు? తిన్నగా బొరియలో దూరాడు. "ఆహా, ఏం చల్లదనం! ఒక ఉత్తుత్తి మెయిలుకి ఎంత ఇల్లు దొరికింది!" అని వాడు మురిసిపోవడం బయటికి వినపడింది.

అప్పుడు సీతాఫలం పొద వెనకనుంచి అంకయ్య వచ్చాడు. బొరియకి ఉన్న ఒక్క గుమ్మంలో కూర్చుని, తల పొట్టలో పెట్టుకుని, ఉండ అయిపోయాడు. మూతపెట్టినట్టు సరిపోయింది.

లోపల చీకటి పడేసరికి జాలయ్య గుమ్మం దగ్గరికొచ్చాడు. తోశాడు. గీకాడు. పన్ను సంగతి గుర్తొచ్చి కొరకడం మాత్రం మానుకున్నాడు. ఇంకో దారి తవ్వుకోవచ్చుగా అంటారా? తవ్వడమే చేతనైతే ఇన్ని తిప్పలెందుకండీ!

"బావగారూ! ఇదేం మర్యాద? ఊపిరాడటం లేదు, కాస్త జరగండి!"

"చెవి ఇవ్వు, జరుగుతా" అన్నాడు అంకయ్య ఉండలోంచి.

"ఏ చెవి?"

"చెంచమ్మని పెట్టి తాళమేశావే, ఆ చెవి."

"నాకేం తెలీదు బావా!"

"అయితే కూర్చో. నాకు ముడుచుకోవడం విసుగు రాదు."

చెవి లేదని తేలిపోయింది కదా, ఇంకా దేనికి అడగడం అంటే ఏం చెప్పను? ఆశ అలాంటిది. ఒకవేళ ఉందేమో, ఒక్కటన్నా తెరుచుకుంటుందేమోనని ఆ ఉండలో గుండె కొట్టుకుంటూనే ఉంది.

ఆఖరికి జాలయ్య బావురుమన్నాడు. "లేదు బావా! మా అమ్మతోడు లేదు! సంతలో ఒక తోడేలు దగ్గర తెచ్చుకున్నా ఆ వైరస్‌ని. తాళం ఎట్టా వెయ్యాలో చెప్పాడు, తియ్యడం ఎట్టాగో నేనూ అడగలా. తాళం తీసే పని నాకేం పడుద్ది అనుకున్నా!"

పొదల వెనక అందరూ ఆ మాట విన్నారు. అంకయ్యా విన్నాడు. ఉండ మెల్లగా విప్పుకుంది. గుమ్మంలోంచి పక్కకి జరిగి, "పో" అన్నాడు.

జాలయ్య బయటికొచ్చి చూస్తే అడవి అడవంతా నిలబడి ఉంది. చాప, దిండు లోపలే వదిలేసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వాలు దిగాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలయింది. పరిగెత్తి తలదాచుకుందామని వాడు తట్టిన తలుపల్లా మూసుకుంది. ఆ వానాకాలమంతా బండరాళ్ళ పక్కన ముక్కు కారుస్తూ గడిపాడని చెప్పుకుంటారు. ఎవరికీ జాలి కలగలేదు, నాకూ కలగలేదు.

జనం చెదిరిపోయాక కొండమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. "మామా, మొత్తం తుడిచి కొత్తగా పెట్టాల. లోపల ఆ మాయదారిది రవ్వంత కూడా మిగలకూడదు. తుడిస్తే తాళం వేసినవి కూడా పోతయ్. తుడవనా?"

అంకయ్య తెర వైపు చాలాసేపు చూశాడు. "కానియ్" అన్నాడు.

ఆమె పని ముగించుకుని వెళ్ళిపోయింది. తెర ఖాళీ. సాయంత్రం పళ్ళెం ముందు పెట్టుకుని అలవాటుగా చెయ్యి చాచాడు. నొక్కడానికి ఏమీ లేదు. బయట వాన, లోపల తన ఊపిరి. ఇక మీదట రోజూ ఇంతేనని అతనికి అర్థమైంది.

గుమ్మం దగ్గర రెక్కలు విదిల్చిన చప్పుడయింది. రవణమ్మ, ముద్దగా తడిసిపోయి.

"మామా, తప్పు చేశా. ఆమె మాటలు నాకింకా శానా గుర్తున్నయ్. చెప్పనా?"

"వద్దు. అది నీ నోరు. ఆమెది కాదు."

"సరే మామా." వెనక్కి తిరిగి వానలోకి రెక్క చాపింది.

"ఆగు" అన్నాడు అంకయ్య. "నీకెట్టా గుర్తున్నయ్?"

"నువ్వు చీమలకి పోయినప్పుడల్లా బయట కూర్చుని నాతో మాట్లాడేది గదా. నా గూడు పైనే."

అంకయ్యకి ఆ సంగతే తెలియదు. తను లేనప్పుడు చెంచమ్మ ఎవరితోనైనా మాట్లాడుతుందని అతను ఏనాడూ అనుకోలేదు. "నా గురించి ఏమన్నా అనేదా?" అన్నాడు, వినపడీ వినపడకుండా.

రవణమ్మ గొంతు సవరించుకుంది. చెంచమ్మ జీర, చెంచమ్మ సాగదీత. "మాటామంతీ లేని మొద్దని అందరూ అంటారు గానీ రవణమ్మా, నేను ఇంత వాగుతానా, ఒక్క ముక్క పోనియ్యకుండా వినేది ఆయనొక్కడేనే."

ఆ మాట ఆమె ఏనాడూ అతని ముందు అనలేదు. మైకు ముందూ అనలేదు. తుడిచేసిన ఆ పెట్టెలో వెతికినా అది దొరికేది కాదు. అంకయ్య మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు, ముడుచుకోలేదు.

కాసేపటికి లేచి తలుపు బార్లా తెరిచాడు. "తడుస్తన్నావు, లోపలికి రా" అన్నాడు. పళ్ళెం ఇద్దరి మధ్యకి జరిపాడు. "ఇంకోటి చెప్పు."

మర్నాడు వాన వెలిశాక రవణమ్మ చెప్పినవన్నీ కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. దానికి ఒక కాపీ తీసుకుని, తనే నడిచి వెళ్ళి, కొండమ్మ తలుపు తట్టాడు.

ప్రాణమైనదానికి కాపీ ఒకటి నమ్మినవాళ్ళ ఇంట్లో ఉంచనివాడు దాన్ని దాచుకున్నట్టు కాదు, పోగొట్టుకోవడం కాస్త ఆలస్యం చేసినట్టు.